గోడకు కట్టిన స్పితి దోవ

పోయిన ఆదివారం హేమ వచ్చింది. హేమ నా కూతురి కూతురు. వేలూరులోనే ఉద్యోగం చేస్తుంది, సెలవు రోజున మా ఇంటికొచ్చి నా వంటకు నాలుగు వంకలు పెట్టి, అదే వంట రెండుసార్లు వడ్డించుకుని తిని పోతుంది. ఆరోజు మాత్రం తిండి మీద ధ్యాస లేదు. స్నేహితులతో కలిసి కారులో హిమాలయాలకు పోతుందట. అదీ అందరూ పోయే చోటికి కాదు, స్పితి అని ఎక్కడో మబ్బులకు పైన ఉన్న లోయకు. బల్ల మీద ఫోను పెట్టి, అందులోని పటాన్ని వేళ్లతో పెద్దది చేస్తూ చిన్నది చేస్తూ, ఎక్కడెక్కడ ఆగుతారో, ఎక్కడ పెట్రోలు దొరకదో, గాలి పలచబడితే తలనొప్పి ఎట్లా వస్తుందో చెప్పుకుపోతూ ఉంది. నేను సగం విని సగం వినకుండా తల ఊపుతున్నాను. మా వదిన కన్నమ్మ, అంటే పోయిన మా అన్న భార్య, కిటికీ పక్కన నేల మీద కూర్చుని మునగాకు దూస్తూ ఉంది. ఆమె మా మాటల్లో కలగజేసుకునే మనిషి కాదు. హేమ, "మనాలి దాటినాక కుంజుం కనుమ, అది దిగితే లోసర్" అని, తరవాతి ఊరి పేరు కోసం ఫోను మీదికి వంగింది. వదిన తల ఎత్తలేదు, దూసే చెయ్యి కూడా ఆపలేదు. "ఆపైన కాజా" అంది.

హేమ నోరు తెరిచి చూసింది. పెద్దవ్వకు కాజా ఎట్లా తెలుసని నన్నడిగింది. వదిన మునగాకు చేట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. చిత్తూరు, కాట్పాడి దాటి ఉత్తరానికి ఒక్క అడుగు వెయ్యని మనిషి ఆమె. హేమకు అప్పటికప్పుడు ఏదో చెప్పి దాటవేశాను గాని, ఆ నాలుగు పేర్లూ అదే వరసలో మళ్లీ వింటానని అనుకోలేదు. మా ఇంట్లో కొన్నేళ్లపాటు ప్రతి సాయంత్రం సంగటి ముద్దతో పాటు ఆ పేర్లు వడ్డించేవాళ్లు. ఈ సంగతి రాయాలని ఎన్నోసార్లు అనుకుని మానేశాను. ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను, ఎందుకంటే తెలుగు బళ్లో చదివి, తెలుగు పంతులమ్మనై, మా వాళ్లందరిలో ఈ అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే. వదినకు ఏ అక్షరమూ రాదు. హేమ గలగలా తెలుగు మాట్లాడుతుంది, రాసి చూపిస్తే మాత్రం జాంగిరీ చుట్టలు చూసినట్టు చూస్తుంది.

మాది తమిళనాట, వేలూరు పక్కన గుడియాత్తంలో నేతవాళ్ల వీధి. ఇంట్లో ముందు భాగమంతా మగ్గాలే, మనుషులు ఉండేది వెనకాల మిగిలిన చోట. నేలలో గుంట తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గాలు. తెల్లవారితే చాలు, వీధి పొడుగునా పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాగదీసి గంజి పట్టించేవాళ్లు. ఆ గంజి వాసన, అద్దకం నీళ్ల వాసన, మా అమ్మ వేయించే ఎండుమిరపకాయల ఘాటు, మూడూ కలిసి మా బట్టల్లో, జుట్టులో, చదివే పుస్తకాల్లో కూడా ఉండేవి. బళ్లో పక్క వీధి పిల్లలు నన్ను గంజికుండ అని పిలిచేవాళ్లు. బడి అయినాక నా పని రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టడం. మా నాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. భోజనానికి ముందు చేతులు కడుక్కుని, ఆ తడి చేతులతోనే మగ్గాన్ని తాకి కళ్లకద్దుకునేవాడు. మా అమ్మ ఆయన కంటే కరుకు. ఇంట్లో పిల్లికి కూడా ఆమె మాటంటే భయం.

మా గోవిందన్నకు ఆ గుంట పడలేదు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, ఊపిరి ఆడడం లేదని ఎప్పుడూ లేచి వీధిలో నిలబడేవాడు. చివరికి వేలూరులో లారీ షెడ్డు చుట్టూ తిరిగి డ్రైవింగ్ నేర్చుకుని, కొండల్లో మిలిటరీకి రోడ్లు వేసేచోట డ్రైవరు కొలువు సంపాదించి వెళ్లిపోయాడు. వెళ్లేముందే పెళ్లి చేశారు. వదిన పరదరామి పిల్ల. వాళ్లదీ నేతే, దాంతో పాటు కొంచెం చేను. వచ్చినప్పుడు ఎంత నవ్వేదో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. నాకంటే కొంచెమే పెద్దది, నాతో సమానంగా వీధిలో గిల్లికజ్జాలు ఆడేది. అన్న ఒకసారి సెలవు మీద వచ్చి, అమ్మ పోరు పడలేక, తన మగ్గం మీద కైలీల, అంటే లుంగీల, పడుగు ఎక్కించి కూర్చున్నాడు. సగం నేశాడో లేదో, రమ్మని తంతి వచ్చింది. మిగతాది వచ్చి నేస్తానని, అడ్డపోగు తోసే నాడె పడుగు మీదే పెట్టి లేచాడు. అదే పోవడం.

ఇక్కడ మా ఇళ్లలోని ఒక పట్టింపు చెప్పాలి. నేత మనిషి సగం నేసి దూరం పోతే, ఆ పడుగును ఇంకెవరూ ముట్టరు, తెంపరు. అతను తిరిగి వచ్చి, మిగతాది నేసి, తన చేత్తోనే కోసి దింపాలి. అంతవరకు అతని భార్య ఊరి పొలిమేర దాటకూడదు. ఒక పక్క మగవాడు దోవలో ఉండగా ఇంకో పక్క ఆడది దోవ పడితే ఇద్దరిలో ఒకరు ఇల్లు చేరరని మావాళ్ల నమ్మకం. మామూలుగా అయితే ఇది ఎవరినీ బాధపెట్టిన పట్టింపు కాదు. కాంచీపురానికో బెంగుళూరికో పోయినవాడు వారం తిరక్కుండా వచ్చేవాడు.

అన్న లారీ స్పితి నదిలో పడిపోయిందని, మనిషి దొరకలేదని కబురు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని మా బడి హెడ్మాస్టరు చదివి తెలుగులో చెప్పాడు. అమ్మ ఏడవలేదు. దొరకలేదంటే పోయినాడని కాదని, కొండల్లో ఎవరో ఒకరి ఇంట్లో మంచాన పడి ఉంటాడని, మతి తప్పి ఉంటాడని అంది. నాయన ఆ మాట పట్టుకున్నాడు. పడుగు మగ్గం మీద అట్లాగే ఉండిపోయింది. దాని మీద పాత చీర కప్పారు. వదిన నొసట బొట్టు అట్లాగే ఉంది, చేతికి గాజులు అట్లాగే ఉన్నాయి. ఓదార్చడానికి వచ్చినవాళ్లను, ఎవరి ఇంట్లో ఏమైందని వచ్చినారు అని అమ్మ గడప బయటే నిలబెట్టి అడిగేది.

ఆపైన మొదలైంది ప్రయాణం ఏర్పాటు. నాయన నేసిన సరుకు అప్పజెప్పడానికి వేలూరు పోయినప్పుడల్లా కోట పక్కన ఉండే ఒక పాత మిలిటరీ ఆయన దగ్గరికి పోయేవాడు. ఆయన ఆ కొండల్లో పనిచేసి వచ్చినవాడు. ఆయన చెప్పే దోవను నాయన నోట్లో వల్లించుకుంటూ బస్సెక్కేవాడు, మరిచిపోతానన్న భయంతో దారిలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంటికి రాగానే దారం తీసేవాడు. మగ్గాల గదిలో గోడ పొడుగునా మేకులు కొట్టి, ఆ మేకులకు నూలు చుట్టి, ఒక్కో ఊరికి ఒక్కో ముడి వేశాడు. మైదానానికి తెల్లనూలు, కొండలకు ఎర్రనూలు. కాట్పాడి, మద్రాసు, ఢిల్లీ ముళ్లు తెల్లగా ఉండేవి. మనాలి నుంచి ఎరుపు. కుంజుం కనుమ దగ్గర మేకు ఎత్తులో కొట్టాడు, ఎందుకంటే అక్కడ దోవ ఎక్కి దిగుతుందట. చివర కాజా ముడికి నీలం నూలు చుట్టాడు. మా నాయన పటం ఎన్నడూ చూసి ఎరగడు. అయినా ఇప్పుడు హేమ ఫోనులో చూస్తే ఎక్కడ వంకర ఉందో నాయన దారంలోనూ అక్కడే ఉండేది.

సాయంత్రం మగ్గాలు ఆగినాక నాయన గోడ ముందు కూర్చుని దోవ చెప్పేవాడు. ఏ రైలెక్కాలి, ఏ ఊళ్లో దిగాలి, మంచు కరిగి కనుమ ఎప్పుడు తెరుస్తారు, నీళ్లు ఎట్లా కాచుకోవాలి, అక్కడివాళ్ల ఇళ్లు ఎట్లా ఉంటాయి. అమ్మ మధ్యమధ్య అడ్డుపడి, అక్కడ రాగిపిండి దొరుకుతుందా, కట్టుకుపోవాలా అనేది. వదిన వడ్డిస్తూ వినేది. ఎవరూ ఆమెను ఏమీ అడిగేవాళ్లు కాదు. ఎండాకాలం వస్తుందనగా అమ్మ దోవకోసమని కుండెడు కారప్పొడి దంచేది, నిమ్మకాయలు ఊరవేసేది. నాయన ముతక నూలుతో దుప్పట్లు నేశాడు. ఆ తరవాత నూలు రాలేదనో, జ్వరం వచ్చిందనో, గంగమ్మ జాతర అయినాక చూద్దామనో, అక్కడ కొండచరియలు పడుతున్నాయంటనో ప్రయాణం వెనక్కి పోయేది. వానలు మొదలయ్యేవి, కనుమ మూసేస్తారని మిలిటరీ ఆయన చెప్పాడనేవాడు నాయన. హిమాలయాలకని దంచిన కారప్పొడిని మేము ఇంట్లోనే కూర్చుని సంగటిలోకి నంజుకు తినేవాళ్లం. మరుసటి ఏడు మళ్లీ దంచేవాళ్లు.

నాయన పిరికివాడని చాలాకాలం కోపంగా ఉండేది నాకు. ఇప్పుడు ఆయన వయసు దాటినాక వేరేగా తోస్తుంది. పోతే ఆ నది కనపడుతుంది. నది కనపడితే కొడుకు పోయినట్టే. దోవ చెప్పుకుంటూ ఉన్నంతకాలం కొడుకు ఆ దోవకు అవతలి కొసన కూర్చుని ఉంటాడు. ఇదంతా అర్థమవుతుంది. అర్థమైనా కోపం పోలేదు, ఎందుకంటే ఆ దోవ ఖర్చంతా వదిన తలమీద పడింది.

వదిన తల్లి పరదరామిలో మంచాన పడింది. మా వీధి చివర నిలబడితే చిత్తూరు బస్సు వస్తుంది, ఎక్కితే చెమట ఆరేలోగా పరదరామి. వదిన అన్న మునిరత్నం వచ్చి నాయన ముందు నిలబడ్డాడు. అమ్మకు కడుపులో గడ్డ అని, వేలూరు ఆస్పత్రిలో చూపించినామని, ఇంక చేసేదేమీ లేదన్నారని, కన్నమ్మను ఒక్కసారి చూడాలంటోందని చెప్పాడు. మా అమ్మ మగ్గం వైపు చెయ్యి చూపించి, పడుగు దిగలేదు కదప్పా అంది. నాయన తల వంచుకుని, ఈ ఎండాకాలం మేము పోయి అబ్బోణ్ణి తీసుకొస్తామని, వాడు రాగానే మొగుడూ పెళ్లాన్ని ఇద్దరినీ కలిపి పంపిస్తామని అన్నాడు. అంతటితో ఆగలేదు. మునిరత్నాన్ని గోడ దగ్గరికి తీసుకుపోయి, దారం మీద వేలు పెట్టి, కాట్పాడి నుంచి కాజా దాకా దోవంతా చెప్పాడు. తల్లి చచ్చిపోతున్న మనిషి అదంతా నిలబడి విన్నాడు. తాంబూలం కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు అతను లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి, అమ్మ అన్నం మానేసింది, నీళ్లు మటుకు తాగుతా ఉండాది అని కేకేసి చెప్పాడు. వదిన వంటింట్లో ఉంది. అక్కడినుంచి బయటికి వచ్చి, మగ్గాల గదిలో గూట్లో ఉండే కత్తెర తీసుకుంది. నేను రాట్నం దగ్గర ఉన్నాను. దేనికో తీసుకుందనుకున్నాను. ఆమె మా అన్న మగ్గం మీది పాత చీర లాగేసి, బిగించి ఉన్న పడుగును ఒక కొస నుంచి ఇంకో కొసకు కత్తిరించింది. నేతింట్లో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. పోగులు తెగుతుంటే మగ్గం కట్టె మూలుగుతుంది, చివరిపోగు తెగినాక అంతా ఒక్కసారిగా వదులైపోయి, నేసిన గుడ్డ చుట్టుకునే దోనె వెనక్కి తిరుగుతుంది. నాయన లేచి నిలబడ్డాడు గాని ముందుకు రాలేదు. అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

వదిన కత్తెర కింద పెట్టింది. చీర కొంగుతో నొసటి బొట్టు తుడిచేసుకుంది. "అత్తా, ఆయప్ప సచ్చిపోయినాడు" అంది. "ఇంక నన్ను మా యమ్మ దగ్గరికి పంపించు."

అమ్మ ఆమె చెంప మీద కొట్టింది. "నువ్వే సంపినావు గదే నా కొడుకుని" అని, అప్పుడు ఏడ్చింది. అన్ని ఏళ్ల ఏడుపు ఒకేసారి ఏడ్చింది. వీధంతా మా ఇంటి ముందుకు వచ్చింది. వీధిలో నిలబడిన మునిరత్నం లోపలికి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుని, రా పోదాం అన్నాడు. అప్పుడు వీధి పెద్దలు అడ్డం వచ్చారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఎంతో మెత్తగా చెప్పారు. బొట్టు పోయిన ఆడది దినాలు జరక్కుండా గడప దాటకూడదు నాయనా, అందులోనూ జబ్బు మనిషి ఉన్న ఇంటికి అసలు పోకూడదు, మీ అమ్మకే మంచిది కాదు అన్నారు. మునిరత్నం చెయ్యి వదిలేశాడు. అతనికీ ఆ నమ్మకమే ఉంది మరి. మొగుడు దోవలో ఉన్నాడని ఒకందుకు పంపలేదు, మొగుడు పోయాడని ఇంకొకందుకు పంపలేదు. వదినను వెనక గదిలో చీకటి మూల కూర్చోబెట్టారు.

దినాలు వెంటనే మొదలు కాలేదు. నెమిలిలో పెదనాయనకు, ఒడుగత్తూరులో మేనత్తకు కబురు పోవాలి, వాళ్లు రావాలి, మంచిరోజు చూడాలి. దర్భలతో బొమ్మ చేసి, అన్న సగం నేసిన ఆ కైలీ గుడ్డనే దానికి చుట్టి, కౌండిన్య ఒడ్డున కాల్చారు. ఏటిలో ఇసుకే గాని నీళ్లు లేవు, కుండలతో మోసుకుపోయారు. వదిన ఆ మూలలోనే ఉండి, ఎవరు వచ్చినా ఒకటే అడిగేది, పరదరామి నుంచి ఏమన్నా తెలిసిందా అని. తెలియలేదు అని చెప్పేవాళ్లు. నేను కూడా అదే నిజమనుకున్నాను. ఒక చావు నడుస్తుండగా ఇంకో చావు మాట చెప్పకూడదని ఇంకో పట్టింపు ఉందని నాకు అప్పుడు తెలియదు.

అన్నీ అయినాక, తెల్లచీర కట్టించి, పుట్టింటికి పంపించారు. తోడు నేను పోయాను. బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుని, చాలా ఏళ్లకు చూస్తున్న దోవను చూస్తూ, అమ్మ ఏమన్నా తినగలిగితే జావ కాచి పోస్తానని, జుట్టు చిక్కులు తీసి జడ వేస్తానని నాతో చెప్పుకుపోయింది. పరదరామిలో వాళ్ల ఇంటి తలుపు తీసే ఉంది. వసారాలో మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆ మంచాన్ని చూడగానే వదిన గడప దగ్గరే ఆగిపోయింది. మునిరత్నం బయటికి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

ఎప్పుడు అని వదిన అడిగింది. నేను వచ్చినాను గదా, ఆ మర్నాడే అన్నాడు. నన్ను అడిగిందా అంది.

"అడిగింది. దోవలో ఉండావని సెప్పినాము."

వదిన ఏడవలేదు. ఇంట్లోకి పోలేదు. మునిరత్నం ఎంత బతిమాలినా, అతని భార్య ఇచ్చిన నీళ్లు కూడా ముట్టకుండా వెనక్కి తిరిగి బస్సు కోసం నడిచింది. మళ్లీ ఎన్నడూ పరదరామిలో కాలు పెట్టలేదు. మా ఇంటికే వచ్చింది, మా అన్న మగ్గంలోనే కూర్చుంది, కొత్త పడుగు ఎక్కించి నేసింది. మా అమ్మ చచ్చిపోయేదాకా ఆమెతో నేరుగా మాట్లాడలేదు, గోడతో చెప్పినట్టు చెప్పేది. మంచాన పడినాక అమ్మకు మూత్రం, దొడ్డి ఎత్తింది మాత్రం వదినే. నాయన గోడ మీది దారాన్ని ఎప్పుడు విప్పాడో నేను చూడలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మేకులు మాత్రమే ఉన్నాయి. నాకు వేలూరులో ఉద్యోగమై, పెళ్లై, నా ఇల్లు అయినాక, గుడియాత్తం ఇల్లు అమ్మేసినప్పుడు వదినను నాతో తెచ్చుకున్నాను. అప్పటి నుంచి మాతోనే ఉంది.

ఆనాటికీ ఈనాటికీ పోల్చి చూస్తే, హేమను చూసి సంతోషపడాలి నేను. ఆడపిల్ల, ఎవరినీ అడగకుండా, ఏ పడుగూ అడ్డం లేకుండా అంత దూరం పోతానంటోంది. సంతోషమే గాని, మా ఇంట్లో ఒక మనిషి యవ్వనమంతా ఆ లోయకు బలైపోయింది, ఆ లోయను మాలో ఒక్కరూ చూడలేదు.

ఈ ఆదివారం హేమ మళ్లీ వచ్చింది. ఈలోపల వాళ్లమ్మ దగ్గర సగం సంగతి రాబట్టుకుంది. తాత పడిపోయిన లోయకే తాను పోతున్నానని తెలిసి దాని కళ్లు తడిగా ఉన్నాయి. నేరుగా వదిన దగ్గరికి పోయి, నేల మీద కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది. వచ్చే ఏడాది నిన్ను తీసుకుపోతాను పెద్దవ్వా అంది. ముందు వేలూరులో డాక్టరుకు గుండె చూపిద్దాం, ఆక్సిజన్ పెట్టుకుందాం, మనాలి వైపు నుంచి కాకుండా సిమ్లా వైపు నుంచి మెల్లమెల్లగా ఎక్కుదాం, అలవాటు పడడానికి ఊరూరా ఆగుదాం, తాతకు నది ఒడ్డున పూలు వేద్దాం అంటూ ఫోను తీసి పటం తెరిచింది. మంచి పిల్ల. మనసులో కల్మషం లేదు. నాకు మా నాయన గొంతు వినపడింది. వదిన ముఖం చూశాను. ఆ ముఖం అట్లా మారడం ఇన్నేళ్లలో చూడలేదు.

"తీసకపోతానని నాకు ఎవురూ సెప్పొద్దండి" అంది వదిన. "సెప్పింది సాలు. తీసకపోయేదైతే లెయ్యి."

హేమ బిత్తరపోయింది. ఎక్కడికి పెద్దవ్వా అంది.

"పరదరామికి."

హేమ నా వైపు చూసింది. ఆ ఇల్లు ఉందో లేదో, మునిరత్నం పోయి ఎన్నో ఏళ్లయింది, అక్కడ ఇప్పుడు ఎవరున్నారో నాకూ తెలియదు. ఎండ తగ్గినాక పోదాం వదినా, ముందు అన్నం తినండి అనబోయాను. అని ఉంటే ఏమయ్యేదో గాని, హేమ ఫోను బల్ల మీద పెట్టేసి కారు తాళం తీసుకుంది. నేను మోకాళ్లు పట్టుకుని లేచేసరికి వదిన చెప్పులు వేసుకుని గేటు బయట, ఎండలో, కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.